సెలవుల ప్రయాణము: మన బిడ్డ మనతో ఉన్నాడా?

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: లూకా సువార్త 2:41-52

కర్నూలు, కడప ప్రాంతములలోని పల్లెలలోను పట్టణములలోను ఈ వర్తమానము వింటున్న ప్రతి కుటుంబమును దేవుడు దీవించును గాక.

మన సీమలో వేసవి ఎలా ఉంటుందో మీకు చెప్పనవసరము లేదు. తుంగభద్రలో ఇసుక తేలుతుంది. నాపరాళ్ల మిద్దెలు పెనము వలె కాలుతాయి. బడులకు సెలవులిస్తారు. ఒకప్పుడు సెలవులంటే అవ్వగారి ఊరే. ఇప్పుడు పదో తరగతి పరీక్షలు వ్రాసి వచ్చిన అబ్బాయి, "నాయనా, వండర్‌లాకు పోదాము" అంటున్నాడు. అమ్మాయి, "రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలమ్మా" అంటున్నది. 1996లో ఫిల్మ్ సిటీ వచ్చినది. 2005లో బెంగళూరు దాటి బిడది దగ్గర, 2016లో హైదరాబాదు ప్రక్కన రావిర్యాలలో వండర్‌లా పార్కులు వచ్చినవి. కర్నూలు నుండి హైదరాబాదుకు 44వ నెంబరు జాతీయ రహదారి మీద సుమారు 210 కిలోమీటర్లు. కడప నుండి బెంగళూరుకు సుమారు 250 కిలోమీటర్లు. కాబట్టి ఈ కోరిక మన ఇండ్లలోనికి వచ్చుట వింత కాదు.

"విశ్వాసులు ఇటువంటి చోట్లకు వెళ్లవచ్చునా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయము తీసి చూడండి. దేవుడు ఏర్పరచిన స్థలము దూరమైతే, దశమ భాగమును వెండిగా మార్చి చేతపట్టుకొని వెళ్లి, అక్కడ మీకిష్టమైనది కొని, ఇంటివారితో కలిసి ఆయన సన్నిధిని తిని సంతోషించండని అక్కడ ఆజ్ఞ ఉన్నది. అది ఆరాధన కొరకైన ప్రయాణము, నిజమే. అయినను కుటుంబమంతా కలిసి సంతోషించుట దేవునికి ఇష్టమైన సంగతి అని అక్కడ స్పష్టముగా కనబడుతుంది. జెకర్యా ప్రవక్త యెరూషలేము బాగుపడిన దినమును వర్ణించుచు, వీధులలో ఆడుకొనే మగపిల్లలను ఆడపిల్లలను చూపించాడు. పిల్లల ఆటపాటలు దేవుడిచ్చిన సమాధానమునకు గురుతు.

అయితే సంతోషమునకు లెక్క కావాలి. గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకోవాలని ప్రభువు లూకా 14లో చెప్పెను. టికెట్లు, బస్సు చార్జీలు, రెండు పూటల భోజనము, రాత్రి బస - ఇవన్నియు కాగితము మీద వేయండి. అటువంటి పార్కులలోనికి బయటి తిండి తీసుకొని పోనివ్వరు. కాబట్టి చిత్రాన్నము, పెరుగన్నము దారిలోకే గాని లోపలికి కాదు. నీటి ఆటలకు నైలాన్ బట్టలు కావాలంటారు. చీరలతో, నూలు బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు. ఈ సంగతి ఎదిగిన ఆడపిల్లకు ఇంటి దగ్గరే చెప్పి, ఆమెకు సంకోచము లేని బట్టలు ముందుగా కొని పెట్టండి. అంతమందిలో బిడ్డ సిగ్గుతో ఒక మూల కూర్చుంటే మీరు పెట్టిన ఖర్చు ఎవరి సంతోషము కొరకు? నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి మాత్రము వెళ్లవద్దు. ఒక్క దినపు ఆనందమును వచ్చే వేరుశెనగ పంట వరకు తీర్చుకొనుట కుటుంబమునకు విశ్రాంతి కాదు. నెలనెలా కొంత ప్రక్కన పెట్టండి. ఈ ఏడాది చాలకపోతే వచ్చే ఏడాది వెళ్లండి. వీలైతే పనిదినమున వెళ్లండి. జనము తక్కువ, ఆదివారపు ఆరాధనయు తప్పదు.

ఇక మన వాక్యభాగమునకు వద్దాము. యోసేపు, మరియ ప్రతి సంవత్సరము పస్కా పండుగకు యెరూషలేము వెళ్లేవారు. నజరేతు నుండి నడక మీద మూడు నాలుగు దినముల ప్రయాణము. ఈసారి యేసుకు పండ్రెండేండ్లు. అటు పసివాడు కాదు, ఇటు పెద్దవాడును కాదు. తిరుగు ప్రయాణములో ఒక దినమంతా నడిచిన తరువాత గాని ఆయన తమతో లేడని తలిదండ్రులకు తెలియలేదు. బంధువులున్నారు, పరిచయస్థులున్నారు, అందరి మధ్య ఎక్కడో ఉంటాడులే అనుకొన్నారు.

ప్రియులారా, ఈ "ఉంటాడులే" అనే మాటను ఆలోచించండి. కారులో వెనుక సీటులో అబ్బాయి ఉన్నాడు. చెవులలో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను. మనిషి మనతో ఉన్నాడు, మనస్సు ఎక్కడున్నదో మనకు తెలియదు. ఒక దినము కాదు, ఒక సంవత్సరమంతా అలా నడిచిన కుటుంబములు ఉన్నవి. మన ప్రాంతములో ఎందరో తలిదండ్రులు పది పాసైన బిడ్డను ఇంటర్మీడియట్ కొరకు దూరపు హాస్టలులో చేర్చుతారు. ఆ తరువాత ఇంజనీరింగు, ఆ తరువాత ఉద్యోగము. అనగా ఈ వేసవి వెళ్లిపోతే, ఆ బిడ్డ మన ఇంటిలో బిడ్డగా ఉండే దినములు దాదాపు అయిపోయినట్లే. ఆ తరువాత పండుగకు వచ్చిపోయే చుట్టమవుతాడు. అందుచేత ఈ ప్రయాణమును చిన్న సంగతిగా ఎంచవద్దు.

యోసేపు మరియలు ఏమి చేసిరో చూడండి. మొదటిది, వెదకిరి. పనులు మానుకొని, నడిచిన దారిని మరల నడిచి వెదకిరి. రెండవది, దొరికినప్పుడు తల్లి అడిగెను. తన వేదనను దాచుకొనలేదు, అయితే కుమారుని జవాబు వినెను. మూడవది, ఆ జవాబు వారికి అర్థము కాలేదు. అర్థము కాని మాటను ఆమె కొట్టివేయలేదు. హృదయములో భద్రము చేసికొనెను. మన పిల్లలు చెప్పేది మనకు వెంటనే అర్థము కాకపోవచ్చును. దానిని భద్రము చేసికొనే హృదయము మనకున్నదా?

పార్కులలో ఒక పద్ధతి ఉన్నది. వయస్సు కాదు, ఎత్తు కొలుస్తారు. గీత దాటిన బిడ్డకు పెద్దల టికెట్టే. కౌంటరు దగ్గర మీ కుమారుడు పెద్దవాడు. మరి ఇంటి దగ్గర? ఎక్కడికి పోవాలి, ఏ దినము పోవాలి, ఎంత ఖర్చు పెట్టగలము అని మాట్లాడేటప్పుడు వానిని కూర్చోబెట్టుకొంటున్నామా? "ఇంత సొమ్మున్నది నాయనా, నీవు లెక్క వేసి చెప్పు" అని కాగితము వాని చేతికివ్వండి. తండ్రి కష్టము ఎంతో ఆ కాగితము మీద వాడే చదువుకొంటాడు. ఆ గంట సేపు జరిగిన సంభాషణ పార్కులోని ఏ ఆట కన్నను విలువైనది.

మరియొక మాట. "అయిదు వందల పైన మార్కులు వస్తేనే తీసుకొని పోతాను" అనే షరతు కొన్ని ఇండ్లలో వింటాము. ఫలితాలు వచ్చిన దినమున మార్కులు తగ్గిన బిడ్డ ఏమి గ్రహిస్తాడు? తనతో కూడ ఉండుటకు తండ్రికి మార్కులు కావాలని గ్రహిస్తాడు. పరలోకపు తండ్రి మన మార్కులు చూచి మనలను దగ్గరకు తీసికొనలేదు. మనమింక పాపులమై ఉండగానే తన కుమారుని పంపెను. కృపను బోధించే ఇంటిలో విహారయాత్రను కూలి వలె ఇయ్యకూడదు. తప్పిపోయిన బిడ్డకు ఆ ప్రయాణము మరి ఎక్కువ అవసరము.

యౌవనస్థులారా, మీకును ఒక మాట. దేవాలయములో బోధకులను ఆశ్చర్యపరచిన యేసు, తలిదండ్రులతో కూడ నజరేతుకు తిరిగి వెళ్లి వారికి లోబడి ఉండెను. అర్థము చేసికొనలేని తలిదండ్రులకు లోబడెను. మీ స్నేహితుడు వెళ్లిన చోటికి మీ ఇంటివారు వెళ్లలేకపోతే, వారిని సిగ్గుపరచవద్దు. ఫోను ప్రక్కన పెట్టి దారిలో ఒక పాట ఎత్తుకోండి. ఇశ్రాయేలీయులు పాడుకొంటూ పండుగకు వెళ్లేవారు. 120 నుండి 134 వరకు ఉన్న కీర్తనలను యాత్ర కీర్తనలని మనము పిలుస్తాము గదా.

దూరము వెళ్లలేని కుటుంబములారా, చింతపడవద్దు. జమ్మలమడుగు దగ్గర గండికోటలో పెన్నానది కొండను చీల్చిన లోయ ఉన్నది. కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న బెలుం గుహలున్నవి. ఆ రాతి పొరలను చూచి సృష్టికర్తను స్తుతించుటకు పెద్ద టికెట్టు అక్కరలేదు. వెళ్లేవారు ద్వితీయోపదేశకాండము 16లోని మాట మరువకండి: పండుగ సంతోషములో తండ్రిలేని బిడ్డకును విధవరాలికిని భాగమున్నది. మీ వీధిలో అటువంటి బిడ్డ ఉంటే, ఒక్క సీటు ఆ బిడ్డ కొరకు ఉంచండి.

ప్రార్థన చేసికొందము. కృపగల తండ్రీ, నీవిచ్చిన బిడ్డల కొరకు స్తోత్రము. ప్రక్కనే ఉండియు దూరమైన బిడ్డలను వెదకే మనస్సు మాకిమ్ము. ఈ సెలవులలో అడిగే నోరును, వినే చెవిని, సహించే హృదయమును తలిదండ్రులకు దయచేయుము. దారులలో కాపాడుము. హాస్టళ్లకు వెళ్లబోవు పిల్లలకు ముందుగా నడువుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.