దిగేముందు ఒక్క మాట
(మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో తెలుగు సోదరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందికి ఇక్కడ నివాసం, పక్కనున్న ముసఫాలో పని. ట్యాంకులోకో, మ్యాన్‌హోల్లోకో ఎప్పుడో ఒకప్పుడు దిగక తప్పదు. కొత్తలో నేనూ మొహమాటపడి, గాలి పరీక్ష అడగకుండా దిగినవాణ్నే. పైనున్న అన్న తాడు లాగబట్టి ఈరోజు మీ ముందున్నాను.

2015 నవంబరు 26న కేరళలోని కోళికోడ్‌లో మన ఆంధ్ర కార్మికులిద్దరు మ్యాన్‌హోల్లో పడిపోయారు. వాళ్లెవరో తెలియకపోయినా ఆటో డ్రైవరు నౌషాద్ కాపాడబోయాడు. ముగ్గురూ పోయారు. 2023 ఫిబ్రవరి 9న పెద్దాపురం దగ్గర జి.రాగంపేటలో నూనె ట్యాంకు శుభ్రం చేయబోయి ఏడుగురు చనిపోయారు.

నౌషాద్ మనసుకు చేతులెత్తి మొక్కుదాం. కానీ అలా దిగవద్దు.

గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 19.5 కంటే తగ్గితే దిగకూడదు. మురుగు వాయువు మొదట కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. అందుకే మీటరుతో పైన, మధ్యన, అడుగున చూడాలి. పర్మిట్ ఉండాలి, బ్లోయర్ తిరగాలి, పైన ఒక మనిషి కదలకుండా కాపలా ఉండాలి. అబుదాబి భద్రతా నియమాల్లో 27వ కోడ్ ఇందుకోసమే ఉంది.

లోపల తోటివాడు పడిపోతే దూకకండి. కేకేయండి, 997కి ఫోన్ చేయండి, తాడుంటే పైనుంచే లాగండి.

"మీటరు చూపించండి, దిగుతాను" అని ఫోర్‌మన్‌తో చెప్పడానికి సిగ్గుపడకండి. సెలవురోజున మీ ఫోను కోసం ఇంట్లో ఎదురుచూస్తుంటారు.

సెలవు.