కాల్చని ఆ ఇద్దరు: 1943 డిసెంబర్ 20

ముందుగా స్క్రీన్ మీద ఉన్న ఈ పెయింటింగ్ చూడండి. ముక్కు పగిలి, తోక చిరిగి, అసలెలా ఎగురుతోందో అర్థం కాని పెద్ద అమెరికన్ బాంబర్ ఒకటి. దాని రెక్క పక్కనే, చెయ్యి చాపితే అందుతుందేమో అన్నంత దగ్గరగా ఒక జర్మన్ ఫైటర్. మీ వాట్సాప్ గ్రూపుల్లో ఈ బొమ్మ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. కింద నాలుగు లైన్ల కథ, ఆ తర్వాత "మానవత్వం గెలిచింది" అని ఒక ముక్క, దాని కింద వరసగా దండాల ఎమోజీలు.

కథ నిజమే. ఫేక్ కాదు. కానీ ఆ నాలుగు లైన్లలో పట్టని సంగతులు కొన్ని ఉన్నాయి. నాకైతే అసలు కథంతా వాటిలోనే ఉందనిపిస్తుంది. అందుకే ఇవాళ కాస్త నిదానంగా చెప్పుకుందాం.

ముందు ఆ బాంబర్‌లో ఉన్న కుర్రాడి సంగతి. పేరు చార్లీ బ్రౌన్. కార్టూన్ పేరులా ఉంది కదా, కానీ నిజంగా అదే పేరు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, పొలం పనులు చేసుకుంటూ పెరిగినవాడు. వయసు 21. మనవాళ్లు ఆ వయసులో బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉంటారు, ప్లేస్‌మెంట్స్ అని టెన్షన్ పడుతుంటారు. ఈయన చేతికి నాలుగు ఇంజన్ల బి-17 బాంబర్‌నీ, తనతో కలిపి పది ప్రాణాలనీ అప్పజెప్పారు. విమానానికి కెప్టెన్‌గా అదే ఆయన మొదటి మిషన్.

అప్పట్లో ఇంగ్లండ్ నుంచి జర్మనీ మీదికి వెళ్లే అమెరికన్ సిబ్బందికి 25 మిషన్లు పూర్తి చేస్తే ఇంటికి పంపిస్తామని లెక్క. వినడానికి చిన్న నంబరే. కానీ అదే ఏడాది అక్టోబర్ 14న ష్వైన్‌ఫుర్ట్ అనే ఊరి మీదికి 291 బి-17లు బయల్దేరితే, ఆ ఒక్క రోజులో 60 తిరిగి రాలేదు. ఒక్కోదాంట్లో పది మంది. యుద్ధం ముగిసేసరికి ఈ ఎనిమిదో వైమానిక దళంలోనే చనిపోయినవాళ్లు 26 వేలకు పైగా. ఎక్కువమంది ఇరవైల్లో ఉన్నవాళ్లు.

1943 డిసెంబర్ 20. కింబోల్టన్ అనే స్థావరం నుంచి బ్రౌన్ విమానం లేచింది. విమానానికి "యె ఓల్డ్ పబ్" అని పేరు పెట్టుకున్నారు, అంటే పాతకాలపు సారా దుకాణం అనుకోండి. వెళ్లాల్సింది జర్మనీలోని బ్రెమెన్, అక్కడి యుద్ధ విమానాల ఫ్యాక్టరీ మీదికి. ఎత్తు 27 వేల అడుగులు. బయట చలి మైనస్ 60 డిగ్రీలు. ఆ విమానంలో గాలి చొరబడకుండా మూసిన క్యాబిన్ ఉండదు. కరెంటుతో వేడెక్కే సూట్లు, ఆక్సిజన్ మాస్కులు, అంతే.

బాంబులు వెయ్యకముందే కింద నుంచి వచ్చిన తూటాలకు ముక్కు అద్దం పగిలింది. ఒక ఇంజన్ పూర్తిగా పోయింది. ఇంకోటి మొరాయించింది. అయినా బాంబులు వేశారు. కానీ స్పీడు తగ్గేసరికి గుంపు నుంచి విడిపోయారు. గుంపు నుంచి విడిపోయిన బాంబర్ అంటే మందలోంచి తప్పిపోయిన గొర్రె కింద లెక్క. పది పన్నెండు జర్మన్ ఫైటర్లు చుట్టుముట్టి పది నిమిషాలకు పైగా వాయించాయి.

ఒక సర్వర్ పడిపోతే ఇంకోటి అందుకునేలా మేం సిస్టమ్స్ డిజైన్ చేస్తాం. ఈ బి-17ని 1930ల్లోనే అలాంటి ఆలోచనతో కట్టారు. ఒకటి పోయినా రెండోది, రెండోది పోయినా మూడోది పనిచెయ్యాలి. ఆ రోజు అవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పోయాయి. మూడో ఇంజన్ సగం శక్తికి పడిపోయింది. రేడియో పోయింది, ఆక్సిజన్ పోయింది, హైడ్రాలిక్స్ పోయాయి. చుక్కానిలో సగం ఎగిరిపోయింది. పదకొండు తుపాకుల్లో పనిచేస్తున్నవి మూడే. మిగతావి చలికి బిగుసుకుపోయాయి. తోకలో కూర్చునే గన్నర్ ఎకెన్‌రోడ్ అక్కడికక్కడే చనిపోయాడు. ఒకరికి కాలు నుజ్జయింది, ఇంకొకరికి కంట్లో ముక్క దిగింది, బ్లాక్‌ఫోర్డ్ అనే గన్నర్‌కి సూట్‌లో వైర్లు కాలిపోయి పాదాలు గడ్డకట్టాయి. నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇద్దామంటే అదీ గడ్డకట్టింది. బ్రౌన్‌కే భుజంలో గాయం. ఆక్సిజన్ అందక స్పృహ తప్పాడు. విమానం కిందికి దూకింది. కింది గాలిలోకి వచ్చాక, నేలకి బాగా దగ్గరగా మెలకువ వచ్చి ఎలాగో నిలబెట్టాడు. అలా నిలబెట్టి ఎగురుతున్న చోటికి దగ్గర్లోనే ఒక జర్మన్ ఎయిర్‌ఫీల్డ్ ఉంది.

ఆ ఎయిర్‌ఫీల్డ్‌లో పెట్రోలు, తూటాలు నింపుకుంటున్నాడు ఫ్రాంజ్ స్టిగ్లర్. వయసు 28. యుద్ధానికి ముందు లుఫ్తాన్సాలో పైలట్. అన్నదమ్ములు ఇద్దరే. ఆగస్ట్ కూడా పైలటే, 1940లో చనిపోయాడు. ఇంకొక్క బాంబర్‌ని కూలిస్తే స్టిగ్లర్ నైట్స్ క్రాస్ అనే పెద్ద పతకానికి అర్హుడవుతాడు. కళ్లముందే ఒకటి కుంటుకుంటూ పోతోంది. వెంటనే పైకి లేచాడు.

వెనక నుంచి వచ్చాడు. మామూలుగా అయితే తోక గన్నర్ ముందు కాలుస్తాడు. ఇక్కడ తుపాకీ కదల్లేదు. ఇంకా దగ్గరికి వెళ్తే ఎందుకు కదల్లేదో కనిపించింది. పక్కకి జరిగి చూస్తే విమానం గోడల్లో పెద్ద పెద్ద కంతలు. ఆ కంతల్లోంచి లోపలివాళ్లు ఒకరి గాయాలు ఒకరు చూసుకుంటూ కనిపించారు.

స్టిగ్లర్ కాల్చలేదు. ఇక్కడ ఫార్వర్డ్ మెసేజ్ "ఆయన మనసు కరిగింది" అని ఆపేస్తుంది. ఆయన మనసులో ఏముందో మనకు తెలిసిందంతా దశాబ్దాల తర్వాత ఆయన నోటితో చెప్పిందే. ఆయన చెప్పింది మనసు కరగడం గురించి కాదు, ఒక రూల్ గురించి. ఉత్తర ఆఫ్రికాలో పనిచేసినప్పుడు ఆయన కమాండర్ గుస్తావ్ రోడెల్ ఒక మాట గట్టిగా చెప్పాడట: పారాచూట్‌లో దిగుతున్నవాడి మీద నువ్వు కాల్చావని తెలిస్తే నిన్ను నేనే కాల్చేస్తా అని. ఈ విమానంలో ఉన్నవాళ్లు తనకి పారాచూట్‌లో వేలాడుతున్నవాళ్లలాగే కనిపించారని స్టిగ్లర్ చెప్పాడు.

నన్నడిగితే ఈ కథలో గట్టి ముక్క ఇదే. పారాచూట్‌లో దిగుతున్న వైమానిక సిబ్బందిని కాల్చకూడదని జెనీవా ఒప్పందాల్లోకి స్పష్టంగా రాతపూర్వకంగా ఎక్కింది 1977లో. 1943లో అదొక అలవాటు, ఒక పెద్దమనిషి మాట, అంతే. పైగా దెబ్బతిన్నా ఇంటిదారి పట్టిన బాంబర్‌ని కాల్చకూడదని అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. స్టిగ్లర్ కాల్చి ఉంటే ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఎప్పుడో ఎడారిలో సీనియర్ చెప్పిన మాటని, ఆ సీనియర్ అనుకోని చోటికి కూడా ఈయనే లాగి వర్తింపజేశాడు. గాల్లో ఆలోచించుకునే టైం ఎంతుంటుంది? ముందే మనసులో పడి ఉన్న మాటే ఆ టైంకి పైకొచ్చింది.

సరే, కాల్చకపోతే పోయాడు, వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు కదా? వెళ్లలేదు. కిందికి దిగి లొంగిపొమ్మని సైగ చేశాడు. బ్రౌన్‌కి అర్థం కాలేదు. యుద్ధంలో చేరని స్వీడన్ వైపు పొమ్మన్నట్టు సైగ చేశాడు. అదీ అర్థం కాలేదు. ఇక చేసేది లేక బాంబర్ పక్కనే రెక్కకి రెక్క ఆనించినట్టుగా ఎగిరాడు. పక్కన తమ ఫైటర్ ఉంటే తీరంలోని జర్మన్ తుపాకులు కాల్చవని ఆయన ఆలోచన. ఆయన బాస్‌లకి ఈ సంగతి తెలిస్తే కోర్ట్ మార్షల్, ఆ రోజుల్లో దానర్థం ప్రాణం పోవడమే.

ఇప్పుడు బాంబర్ లోపలికి రండి. మీరు బ్రౌన్ సీట్లో ఉన్నారు. కిటికీలోంచి చూస్తే శత్రువు మూడడుగుల దూరంలో ఉన్నట్టున్నాడు, ఏవేవో సైగలు చేస్తున్నాడు. ఇంతసేపూ మిమ్మల్ని చీల్చింది ఇలాంటి విమానాలే. మంచివాడని మీరెందుకనుకుంటారు? తూటాలైపోయి ఆటాడుకుంటున్నాడేమో అనుకుంటారు. సముద్రం మీదికి వచ్చాక బ్రౌన్ పైనున్న గన్నర్‌తో తుపాకీ అతని వైపు తిప్పమన్నాడు. గురిపెట్టు, కానీ కాల్చకు అన్నాడు.

ఈ "కాల్చకు" అన్నది ఫార్వర్డ్ మెసేజుల్లో దాదాపు ఎక్కడా ఉండదు. అందరూ స్టిగ్లర్‌నే చూస్తారు. తోక గన్నర్ శవం వెనకాల ఉంది, పక్కన శత్రువు తుపాకీకి అందేంత దగ్గర్లో ఉన్నాడు, 21 ఏళ్ల కుర్రాడు కోపంలో ఒక్క మాట అంటే చాలు. తనని కాపాడుతున్నవాడినే చంపేసేవాడు, చంపానన్న సంగతి కూడా జన్మలో తెలిసేది కాదు. తనకున్న మూడు తుపాకుల్ని బట్టి ఆచితూచి అన్నాడో, ఇంకెందుకన్నాడో, మొత్తానికి ఆ రోజు ఆగింది ఇద్దరు.

తుపాకీ తిరగడం చూసి స్టిగ్లర్ సెల్యూట్ కొట్టి పక్కకి తిరిగి వెళ్లిపోయాడు.

బ్రౌన్ ఇంకో 400 కిలోమీటర్లు ఉత్తర సముద్రం మీద ఈడ్చుకొచ్చి ఇంగ్లండ్‌లో సీథింగ్ అనే స్థావరంలో దించాడు. పది మందిలో తొమ్మిది మంది ప్రాణాలతో దిగారు. జరిగిందంతా అధికారులకి చెప్పాడు. బయట ఎక్కడా అనొద్దన్నారు. జర్మన్ పైలట్లలో ఇలాంటివాడు ఒకడున్నాడని తెలిస్తే రేపు మనవాళ్లు ట్రిగ్గర్ దగ్గర ఆగుతారని వాళ్ల భయం. అక్కడ స్టిగ్లర్ కూడా నోరు విప్పలేదు, విప్పితే చస్తాడు. అంటే ఒకే సంఘటనని రెండు సైన్యాలకీ తెలియకుండా, తెలిసినా బయటికి రాకుండా ఇద్దరు కుర్రాళ్లు మోశారు. నా ఉద్దేశంలో ఆ అధికారులు తెలివితక్కువవాళ్లేం కాదు. యుద్ధం నడవాలంటే అవతలివాడికి ముఖం ఉండకూడదని వాళ్లకి బాగా తెలుసు.

ఇంకో చేదు నిజం కూడా చెప్పాలి. బ్రౌన్ ఆ తర్వాత తన మిషన్లన్నీ పూర్తి చేశాడు. అంటే స్టిగ్లర్ వదిలేసిన పైలట్ మళ్లీ వెళ్లి స్టిగ్లర్ దేశం మీద బాంబులు వేశాడు. ఆ బాంబులు పడినచోట ఉన్నవాళ్లకి ఈ కథ ఎలా వినిపిస్తుంది? మనకూ ఆ భయం కొత్త కాదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. కింద నిలబడి పైకి చూసినవాడికి పైలట్ వయసెంతో, అతనికెన్ని గాయాలో కనిపించవు. స్టిగ్లర్ చేసింది తప్పని నేనను. కానీ జర్మన్ సైన్యం లెక్కలో అది ద్రోహమే. ఈ రెండూ ఒకేసారి నిజం.

స్టిగ్లర్‌కి యుద్ధం అక్కడితో అయిపోలేదు. మొత్తం 487 సార్లు యుద్ధానికి ఎగిరాడు, 17 సార్లు కూలిపోయాడు. 1953లో కెనడా వెళ్లిపోయి వాంకూవర్ దగ్గర స్థిరపడ్డాడు. బ్రౌన్ చదువుకుని, మళ్లీ వైమానిక దళంలో చేరి, రిటైరై మయామీలో ఉన్నాడు. ఒకడు ఖండానికి వాయవ్య మూల, ఇంకొకడు ఆగ్నేయ మూల. ఒక టిక్ దగ్గరే ఆగిపోయిన మెసేజ్‌లా ఉంది స్టిగ్లర్ పరిస్థితి. ఆ విమానం సముద్రం దాటిందా, మధ్యలో మునిగిందా? ప్రాణాన్ని పణంగా పెట్టింది దేనికో తెలియకుండా 46 ఏళ్లు గడిపాడు.

1986లో పైలట్ల సభ ఒకదాంట్లో మీకు బాగా గుర్తున్న మిషన్ ఏదని బ్రౌన్‌ని అడిగారు. అప్పుడు ఈ సంగతి చెప్పాడు. చెప్పాక ఆయనకే నిద్ర పట్టని పరిస్థితి: ఎవడతను? నాలుగేళ్లు రికార్డులు వెతికించాడు. ఏమీ దొరకలేదు. స్టిగ్లర్ ఎవరికీ రిపోర్ట్ చెయ్యలేదు కదా, రికార్డులో ఎక్కడుంటుంది? చివరికి జర్మన్ ఫైటర్ పైలట్ల పత్రికకి ఉత్తరం రాశాడు. 1990 జనవరిలో కెనడా నుంచి జవాబొచ్చింది, ఆ పైలట్‌ని నేనే అని. ఫోన్లో మాట్లాడుకున్నారు. విమానానికి ఎక్కడెక్కడ దెబ్బలు తగిలాయో, చివర్లో సెల్యూట్ ఎలా చేశాడో స్టిగ్లర్ చెప్పాడు.

ఆ ఏడాదే కలుసుకున్నారు. గన్నర్ బ్లాక్‌ఫోర్డ్ కూడా స్టిగ్లర్‌ని కలిశాడు. తర్వాత 18 ఏళ్లు ఈ ముసలాళ్లిద్దరూ కలిసి చేపలు పట్టడానికి వెళ్లేవారు, కలిసి ఊరూరా తిరిగి ఈ కథ చెప్పేవారు. స్టిగ్లర్ ఒక పుస్తకం మీద బ్రౌన్‌కి నాలుగు మాటలు రాసిచ్చాడు. 1940లో నా ఒక్కగానొక్క సోదరుణ్ని పోగొట్టుకున్నాను, ఆ విమానం పైలట్ నాకు అతనితో సమానం అని దాని భావం.

2008 మార్చి 22న స్టిగ్లర్ చనిపోయాడు, 92 ఏళ్లు. అదే ఏడాది నవంబర్ 24న బ్రౌన్, 86 ఏళ్లు. ఆ ఏడాదే అమెరికా వైమానిక దళం తన పాత మౌనాన్ని వదిలేసి బ్రౌన్‌కి ఎయిర్ ఫోర్స్ క్రాస్, తోకలో చనిపోయిన ఎకెన్‌రోడ్‌తో సహా మిగతా తొమ్మిది మందికి సిల్వర్ స్టార్ ఇచ్చింది. స్టిగ్లర్‌కి ఆ నైట్స్ క్రాస్ మాత్రం ఎప్పటికీ రాలేదు.

ఇవాళ్టికి ఇంతే ఫ్రెండ్స్. ఆ బొమ్మ మళ్లీ మీ గ్రూప్‌లోకి వస్తే, పైన గన్నర్ కూర్చునే గాజు గుమ్మటం ఎటు తిరిగి ఉందో ఒకసారి జూమ్ చేసి చూడండి. ఉంటాను.