అట్టలోని చిల్లు ఎవరి తెలివి?
(కార్మికుల విద్యా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆధునిక ఆవిష్కరణలంటే మనకు రైలు, కరెంటు, రాకెట్టు గుర్తుకొస్తాయి. ఈ రోజు నేను చెప్పబోయేది మన మగ్గం నెత్తిన కూర్చున్న యంత్రం గురించి. అదే జకార్డు. షోలాపూర్ చద్దరు మీద పువ్వును, నెమలిని దించేది అదే. కంప్యూటరుకు తాత వరస కూడా అదే.

ఒకప్పుడు ఫ్రాన్సులోని లియోన్ నగరంలో పట్టు మీద బొమ్మ నేయాలంటే మగ్గానికి ఇద్దరు కావాలి. నేతగాడు పేక వేసేవాడు. ఏ పడుగు పోగులు లేవాలో వాటి తాళ్లను పక్కన నిలబడి ఒక కుర్రవాడు లాగేవాడు. పొద్దస్తమానం లాగి లాగి ఆ పసివాళ్ల ఒళ్లు హూనమయ్యేది. నేతగాడి కొడుకైన జోసెఫ్ మేరీ జకార్డు 1804లో ఆ కుర్రవాడి పనిని చిల్లుల అట్టలకు అప్పగించాడు.

పనితీరు మీకు తెలిసిందే. అట్టలో చిల్లు ఉన్నచోట సూది లోపలికి పోతుంది, కొక్కెం పోగును లేపుతుంది. చిల్లు లేనిచోట అట్ట సూదిని వెనక్కి నెడుతుంది, పోగు కిందనే ఉంటుంది. ఉంది, లేదు. ఈ రెండు మాటలతోనే ఎంత పెద్ద బొమ్మ అయినా తయారవుతుంది. కంప్యూటరు భాష కూడా ఈ రెండు మాటలే.

ఇది జకార్డు ఒక్కడి ఘనత కాదు. 1725లో బూషోన్ చిల్లుల కాగితం వాడాడు. తర్వాత ఫాల్కన్ అట్టలు తెచ్చాడు. వోకాన్సన్ యంత్రాన్ని మగ్గం పైకెక్కించాడు. ఆ తర్వాత ఇంగ్లండులో చార్లెస్ బాబేజీ తాను తలపెట్టిన లెక్కల యంత్రానికి ఈ అట్టలనే ఎంచుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హోలరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చాడు. అతని కంపెనీ మరికొన్నిటితో కలిసి, చివరికి ఐ.బి.ఎం. అయింది.

మరి నేతగాడికేం దక్కింది? లియోన్ నేతగాళ్లు మొదట ఈ మగ్గాన్ని చూసి భయపడ్డారు, ఎదిరించారు. తర్వాత నేర్చుకున్నారు, ఆరితేరారు. అయినా కూలి పెరగలేదు. 1831 అక్టోబరులో కనీస కూలి రేట్ల మీద ఒప్పందం కుదిరింది. కొందరు వ్యాపారులు దాన్ని పాటించమన్నారు. నవంబరులో నేతగాళ్లు తిరగబడి నగరాన్ని కొన్నాళ్లు తమ చేతిలో ఉంచుకున్నారు. సైన్యం వచ్చింది, ఒప్పందం రద్దయింది. గమనించండి, అప్పుడు వాళ్లు పోరాడింది యంత్రం మీద కాదు, రేటు కోసం.

మా నాన్న ఒక మిల్లులో అట్టలు కుట్టేవాడు. వేలికొసతో తడిమి, తప్పు చిల్లు ఎక్కడుందో చెప్పేవాడు. అట్టలు అక్కరలేని ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చాక ఆయనకు లెక్క చూసి పంపించేశారు. ఆ కంప్యూటరులో డిజైను వేయడానికి వచ్చిన కుర్రవాడు, పోగు ఎక్కడ వదులవుతుందో తెలియక మా ఇంటికొచ్చి నాన్ననే అడిగాడు. నాన్న కూర్చోబెట్టి చెప్పాడు. ఆ చెప్పినదానికి కూలి లేదు.

అందుకే మిత్రులారా, యంత్రాన్ని తిట్టి లాభం లేదు. అందులో ఉన్నది మన తాతల తెలివే. కొత్త యంత్రం షెడ్డులో దిగకముందే మనం అడగవలసినవి మూడు. మొదటి శిక్షణ పాత కార్మికుడికే ఇవ్వాలి. ఒప్పందం లేకుండా పీసు రేటు తగ్గించకూడదు. పని పోయేవాడికి మరో పని చూపించాలి. విడివిడిగా అడిగితే గేటు బయట నిలబెడతారు. కలిసి అడుగుదాం.

ఒక్క పోగుతో బట్ట కాదు.