ఎర్రవేరు మలాము
(నల్లగండ్లలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సిస్టరమ్మ పోయి ఏడాదైంది. ముప్పయ్యేళ్లకు పైగా కాలిన గాయాల వార్డులో పనిచేసి, రిటైరయ్యాక నల్లగండ్ల వచ్చి స్థిరపడిన ఆవిణ్ణి ఈ అపార్టుమెంట్లలో మనమంతా ఆ పేరుతోనే పిలుచుకున్నాం. ఆవిడ జ్ఞాపకంగా నాలుగు మాటలు చెప్పమన్నప్పుడు నాకు మరో విషయం తట్టలేదు. ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటి నా దగ్గర బాకీ ఉండిపోయింది.

ఒక సాయంత్రం బండి సైలెన్సరు తగిలి పిక్క కాలిన పిల్లవాణ్ణి వాళ్లమ్మ పరుగున తీసుకొచ్చింది. చేతిలో సింగపూరు నుంచి బాబాయి పంపిన మందు ట్యూబు. దాని మీద అన్నీ చైనా అక్షరాలే. సిస్టరమ్మ ఆ ట్యూబు నా చేతిలో పెట్టి, పిల్లవాణ్ణి కుళాయి దగ్గరికి నడిపించింది. "ముందు నీళ్లు. మీరు ఈలోగా అందులో ఏముందో చూసి చెప్పండి సార్" అంది. ఫోను కెమెరా పట్టుకుని ఒక్కో అక్షరం విప్పుకుంటూ వెళ్లాను. నువ్వుల నూనె. తేనెమైనం. "మన ఇంట్లో సామానే కదండీ! మరి మందుకు ఈ ఎరుపేమిటి?" అంది ఆవిడ. ఆ రోజు నాకు తెలియలేదు. ఆ ఎరుపు కథే ఇవాళ చెబుతాను.

చైనాలో కాలిన గాయాలకు రాసిపెట్టిన మందులు చాలా పాతవి. 1973లో చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ అనే చోట ఒక సమాధి తవ్వారు. క్రీస్తుకు పూర్వం 168లో మూసిన సమాధి అది. లోపల పట్టుగుడ్డ మీద రాసిన వైద్యగ్రంథం దొరికింది. 52 రకాల బాధలకు చికిత్సలు చెప్పిన ఆ గ్రంథంలో కాలిన గాయాలకూ ఒక భాగం ఉంది. అప్పటి మలాములకు ఆధారం పంది కొవ్వు. చైనా భాషలో మలామును 'గావ్' అంటారు, ఆ మాటకు మొదటి అర్థమే కొవ్వు.

తర్వాత 499లో గోంగ్ చింగ్‌షువాన్ అనే ఆయన కూర్చిన శస్త్రవైద్య గ్రంథం ఉంది. చైనాలో మనకు మిగిలిన శస్త్రవైద్య గ్రంథాల్లో అదే పాతది. దాని పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. ల్యూ జువాన్‌జీ అనే ఆయన చీకట్లో ఒక దయ్యాన్ని బాణంతో కొట్టాడట. గాయపడ్డ దయ్యం తన గాయానికి మందు నూరుకుంటూ, మనుషుల అలికిడి విని, పుస్తకమూ మందూ వదిలి పారిపోయిందట. నాకు ఈ కథ ఎంతో ఇష్టం. దెబ్బ తిన్నవాడి దగ్గరే మందు దొరుకుతుందని ఆ రోజుల్లో ఎవరికో తోచింది.

మన ట్యూబులోని మలాముకు తాత 1617లో కనిపిస్తాడు. ఆ ఏడాది చెన్ షీగోంగ్ అనే శస్త్రవైద్యుడు తన గ్రంథంలో పొడిబారి దురదపెట్టే చర్మానికి ఒక మలాము రాశాడు. నువ్వుల నూనె, తేనెమైనం, దాంగ్‌గ్వే అనే వేరు, జీత్సావ్ అనే ఎర్రవేరు. అంతే. ఇది సముద్రం దాటి జపాను చేరింది. అక్కడ హనావోకా సెయ్‌షూ దీనికి కాస్త పంది కొవ్వు కలిపాడు. 1804లో మత్తు పానీయం ఇచ్చి రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స చేసినవాడు ఆయనే. ఆయన మలాముకు వచ్చిన పేరుకు అర్థం 'ఊదా మేఘం'. దురద మందుగా పుట్టినది ఆయన చేతిలో కాలిన గాయాలకూ, పగుళ్లకూ మందయింది. జపానులో వైద్యులు ఇప్పటికీ రాస్తున్నారు.

దీన్ని కాచడంలో ఒక కిటుకుంది. మైనం కరిగిన నూనెలో ఎర్రవేరును చివర్లో, సుమారు 140 డిగ్రీల వేడి దగ్గర వేస్తారు. రంగు దిగీ దిగగానే వడకట్టాలి. కాస్త ఆలస్యమైతే ఎరుపు నల్లబడిపోతుంది. మన పోపు మాడినట్టే.

ఆ రంగులోని పదార్థం షికోనిన్. 1918లో దాని నిర్మాణాన్ని వెలికితీసింది కురోదా చికా. జపానులో విశ్వవిద్యాలయం గడప తొక్కిన తొలి స్త్రీలలో ఆవిడొకరు. మధ్యధరా తీరంలో మరో ఎర్రవేరు ఉంది, అందులో రంగు ఆల్కనిన్. ఈ రెండు అణువులూ అద్దంలో బింబం, ప్రతిబింబం. కుడిచేయి, ఎడమచేయి. ఒకరి సంగతి ఒకరికి తెలియని వైద్యులు రెండు చోట్లా ఒకే కుటుంబపు వేళ్లను తవ్వి నూనెలో కాచారు.

మరి మన సంగతి? బేగంబజారు దుకాణాల్లో 'రతన్‌జోత్' అడగండి. ముదురు ఊదారంగు పొరలు పొరలుగా ఉన్న వేరు ఇస్తారు. రోగన్‌జోష్‌కు ఎరుపు తెచ్చేది అదే. ఆ పేరుతో అమ్మే మొక్కలు రెండు మూడున్నాయి. వాటిలో హిమాలయాల్లో పెరిగే ఆర్నేబియా యూక్రోమా ఒకటి. చైనా ప్రభుత్వ ఔషధ ప్రమాణ గ్రంథం జీత్సావ్‌గా ఒప్పుకున్న మొక్కల్లోనూ అది ఉంది! కొండకు ఆ పక్క జీత్సావ్, ఈ పక్క రతన్‌జోత్. ఇది తెలిసిన రాత్రి సిస్టరమ్మకు ఫోను చేయబోయి, ఆవిడ లేదన్న సంగతి గుర్తొచ్చి ఫోను పక్కన పెట్టేశాను.

మన పాత వైద్యగ్రంథం సుశ్రుత సంహితలోనూ కాలిన గాయాల సంగతి ఉంది. వాటిని నాలుగు స్థాయిలుగా విడదీశారు. రంగు మారి మండేది, బొబ్బలెక్కేది, బాగా కాలినది, మాంసం వేలాడేలా లోతుగా కాలినది. ఇవాళ ఆసుపత్రిలో లోతును బట్టి చేసే విభజనకు ఇది ఎంత దగ్గరో చూడండి. కాలిన గాయాలన్నిటికీ మాన్పు మందని అక్కడొక నేతి మలాము చెప్పారు. అందులో తేనెమైనం, అతిమధురం, లొద్దుగ, గుగ్గిలం, శ్రీగంధంతో పాటు మంజిష్ఠ ఉంది. మళ్లీ మైనం, మళ్లీ జిడ్డు, మళ్లీ ఒక ఎర్రవేరు. అయితే పైపైన కాలినదానికి వేడి చేయమని కూడా అక్కడే ఉంది. అది తప్పు. పాతదన్న గౌరవంతో తప్పును మోయనక్కర్లేదు.

మలాము అన్న మాట కూడా చాలా దూరం నడిచి వచ్చింది. అరబ్బీ 'మర్హమ్' ఉర్దూలో స్థిరపడి మన నోట మలాము అయింది. మైనమూ నూనే కలిపిన ముద్దను యునానీ హకీములు 'ఖైరూతీ' అంటారు. గ్రీకులో మైనానికున్న పేరు నుంచి వచ్చిన మాట అది. యునానీ అంటేనే గ్రీకు దేశపు వైద్యం. ఆ వైద్యానికి చార్మినారు పక్కన కళాశాల, ఎర్రగడ్డలో చర్మవ్యాధులకు పరిశోధన సంస్థ మన నగరంలోనే ఉన్నాయి.

ఇందరు మైనమూ నూనే ఎందుకు పట్టుకున్నారు? 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పంది పిల్లల గాయాల మీద పలచని ప్లాస్టిక్ పొర కప్పి చూశాడు. ఎండిపోయి పక్కు కట్టిన గాయం కన్నా తడి నిలిచిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెండింతలు వేగంగా పరుచుకుంది. మైనం చేసేదీ ఆ పొర పనే. 1980ల్లో బీజింగులో షూ రోంగ్‌షియాంగ్ ఈ తడినే సిద్ధాంతం చేసుకుని నువ్వుల నూనె, తేనెమైనంతో కాలిన గాయాలకు మలాము తయారుచేశాడు. పెద్ద గాయాలకూ అదే చాలన్న వాదన మీద వివాదం రేగింది. లోతుగా కాలిన చర్మానికి చర్మం అతకాల్సిందే, మలాము చాలదు. ఈ మాట నేను సిస్టరమ్మ దగ్గర నేర్చుకున్నాను.

విదేశాల నుంచి ట్యూబులు తెప్పించుకునే ఇళ్లు మన చుట్టూ చాలా ఉన్నాయి కాబట్టి ఇదొకటి చెప్పాలి. 1999లో లండను వైద్యులు, చర్మవ్యాధులకని ఇచ్చిన చైనా మూలికల క్రీములు 11 పరీక్షిస్తే, 8 క్రీముల్లో డెక్సామెథసోన్ అనే స్టిరాయిడ్ బయటపడింది. పేరు మూలికది, పని స్టిరాయిడ్‌ది. పిల్లలకూ, ముఖం మీదా కూడా వాటిని రాశారు. లోపలి దినుసులు చెప్పని ట్యూబు ఏ దేశానిదైనా, దయచేసి దాని మూత తీయకండి.

ఆ సాయంత్రం నేను అక్షరాలతో కుస్తీ పడుతుంటే సిస్టరమ్మ కుళాయి కట్టలేదు. పిల్లవాడు చల్లగా ఉందని గింజుకుంటే కాలు ఒళ్లో పెట్టుకుని, గోడ గడియారంలో ఇరవై నిమిషాలు లెక్కపెట్టింది. వాళ్లమ్మ అప్పటికే రాసిన టూత్‌పేస్టు నీళ్లలో కొట్టుకుపోయింది. "ఐసు పెట్టనా?" అని నేనడిగితే వద్దంది. ఆ తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, ట్యూబు వాళ్లమ్మకు తిరిగిచ్చి, బొబ్బ చిదపొద్దని, మందు సంగతి రేపు డాక్టరును అడగమని చెప్పి పంపింది.

ఆ పిల్లవాడు ఇక్కడే, ముందు చాప మీద కూర్చుని ఉన్నాడు. ఇందాక అడిగితే ప్యాంటు పైకి లాగి చూపించబోయాడు. మచ్చ ఏ కాలి మీదుందో వాడికే గుర్తు రాలేదు.