చేతిలో ఫోన్ ఉంది, బేరం ఎవరి చేతిలో ఉంది?

(వీపనగండ్లలో జరిగిన రైతుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



యూరియా గురించో, కాలువ నీళ్ల గురించో, కొనుగోలు కేంద్రాల గురించో మాట్లాడటం మనకు అలవాటే. ఈ రోజు విషయం కొంచెం కొత్తది. వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్‌లను పంట అమ్ముకోవడానికి ఎట్లా వాడుకోవాలన్నది. అవి పొద్దుపోని వాళ్ల పనులని మొదట మేమూ అనుకున్నాం. ఒక సంగతి గమనించాక ఆ అభిప్రాయం మార్చుకున్నాం.

మన కల్లం దగ్గరికి వచ్చే వ్యాపారి చేతిలోనూ ఇదే ఫోన్ ఉంది. ఏ మార్కెట్లో ఎంత పలికింది, ఏ మిల్లు ఎంతకు కొంటోంది అన్నది అతని గ్రూపుల్లోకి ఎప్పటికప్పుడు వస్తుంటుంది. అతను తెలిసి బేరమాడతాడు, మనం తెలియక ఒప్పుకుంటాం. ఫోన్ ఒక్కటే, వాడకంలోనే తేడా. కాబట్టి అమ్మకం కన్నా ముందు, ధర తెలుసుకోవడం దగ్గర మొదలుపెడదాం.

మొదటి పని: ధరల గ్రూపు

ఊరికో వాట్సాప్ గ్రూపు మనకు ఇప్పటికే ఉంది. అందులో ఏముంటుందో మీకూ తెలుసు. పొద్దున్నే పూల బొమ్మలు, మధ్యాహ్నం పార్టీల తగాదాలు, రాత్రికి ఎవరో ఒకరు అలిగి వెళ్లిపోవడం. మేం పెట్టిన మొదటి గ్రూపు కూడా నెల తిరగకుండానే అట్లాగే అయింది. తప్పు మాదే, నియమం పెట్టలేదు.

ఈసారి ధరల కోసమే వేరే గ్రూపు పెడదాం. సెట్టింగ్స్‌లో 'అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు' అన్నది ఎంచుకుందాం. వనపర్తి, గద్వాల, జడ్చర్ల, కర్నూలు మార్కెట్లకు సరుకు తీసుకెళ్లిన సభ్యుడు తన తక్‌పట్టీ ఫోటో తీసి అడ్మిన్‌కు పంపాలి. ధర, తూకం, తరుగు, హమాలీ, కమీషన్ అన్నీ అందులో ఉంటాయి. నోటిమాట మీద వాదన పెట్టుకోవచ్చు, తక్‌పట్టీతో పెట్టుకోలేం. గ్రూపు వివరాల దగ్గర మద్దతు ధర కూడా రాసిపెడదాం. 2025-26కు కేంద్రం ప్రకటించిన వేరుశనగ మద్దతు ధర క్వింటాలుకు 7,263 రూపాయలు, సాధారణ రకం వడ్లకు 2,369 రూపాయలు. మనకు వచ్చిన ధర ఎంత తక్కువో రోజూ కళ్ల ముందు కనబడుతుంది. రేపు అధికారుల దగ్గరికి వెళ్లినప్పుడు ఆ తక్‌పట్టీలే మనకు సాక్ష్యం.

రెండో పని: కొనేవాళ్లను వెతుక్కోవడం

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. మామిడి కోతకు వచ్చే సమయానికి బండ్లు ఆగాయి, మార్కెట్లు సరిగా నడవలేదు. అప్పుడు ఎంతోమంది తోటల రైతులు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల ద్వారా పెట్టెలు పెట్టెలుగా కాయలు అమ్ముకున్నారు. మన పక్కనే కొల్లాపూర్ మామిడికి పేరుంది. ఆ పేరును మనమే నేరుగా వాడుకోవచ్చు కదా!

దీనికి వాట్సాప్ బిజినెస్ అనే యాప్ ఉంది, ఉచితమే. ఇంటి నంబర్‌తో కలపకుండా వేరే సిమ్‌తో పెట్టుకుంటే మంచిది. అందులో కేటలాగ్ అని ఉంటుంది. సరుకు ఫోటో, ధర, వివరం ఒకసారి పెడితే అడిగిన ప్రతివాళ్లకూ మళ్లీ రాయనక్కర్లేదు. చేలో ఉన్నప్పుడు ఎవరైనా అడిగితే 'సాయంత్రం ఫోన్ చేస్తాం' అని దానంతట అదే జవాబు పోయేట్టు పెట్టుకోవచ్చు. డబ్బు ఇచ్చినవాళ్లు, ఇవ్వాల్సినవాళ్లు అని గుర్తులు పెట్టుకునే వీలూ ఉంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాతో ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపొచ్చు. అయితే మన నంబర్‌ను తమ ఫోన్లో దాచుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకని మొదటిసారి కొన్నవాళ్లతోనే నంబర్ సేవ్ చేయించాలి.

ఫేస్‌బుక్‌లో సొంత ఖాతా వేరు, పేజీ వేరు. సొంత ఖాతాలో 5,000 మంది స్నేహితుల దగ్గర ఆగిపోతాం. పేజీకి ఆ హద్దు లేదు, నలుగురు కలిసి నడపొచ్చు. యూట్యూబ్ వీడియో ఏళ్ల తరబడి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. 'రైతు బడి' లాంటి తెలుగు చానళ్లను మనలో చాలామంది చూస్తూనే ఉన్నాం. సాగు ఎట్లా చేస్తున్నామో చూపించడానికి అది తగిన చోటు. తోట దగ్గరికే వచ్చి కొనేవాళ్ల కోసం గూగుల్ మ్యాప్‌లో చోటు గుర్తు పెట్టాలి. ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టవద్దు. ముందు వాట్సాప్ ఒక్కటి కుదురుగా నడిపితే చాలు.

ఏం పెట్టాలి అంటారా? ఎదుటివాళ్లు ఏం అడుగుతారో అదే. ఏ సరుకు, ఏ ఊరు, ఎంత ఉంది, కిలో ఎంత, ఎప్పటిదాకా దొరుకుతుంది, ఎట్లా చేరుతుంది. ఈ ఆరూ ఉండాలి. ఫోటో పొద్దుటి వెలుతురులో తీయాలి. పెట్టెలో పైన మంచి కాయలు, కింద గుల్లవి పెడితే ఆ ఒక్క పెట్టెతోనే కథ ముగుస్తుంది. పట్నంలో కొనేవాళ్లకు కార్బైడ్ భయం ఉంది. కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం చట్టం ప్రకారం నిషేధం. గడ్డిలో మాగేసే తీరును అర నిమిషం వీడియో తీసి పంపితే అంతకు మించిన ప్రచారం లేదు. టైపు చేయడం రానివాళ్లు గొంతు రికార్డు చేసి పంపొచ్చు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

లెక్క వేసుకోకపోతే నష్టమే

ఫోన్లో పంటంతా అమ్ముడుపోతుందని మేం చెప్పడం లేదు. యాసంగిలో పండిన పల్లికాయ అంతా కిలోల లెక్కన అమ్మడం ఎవరి వల్లా కాదు. పదింట ఒక వంతుతో మొదలుపెట్టండి. క్వింటాలు కాయ కొట్టిస్తే సుమారు 65 నుంచి 70 కిలోల గింజ వస్తుంది. కొట్టించిన కూలి, ఏరిన కూలి, సంచి, బస్సు పార్సిల్ ఖర్చు, దారిలో చెడిపోయేది, మన ఇంటివాళ్ల కష్టం అన్నీ కలపాలి. అప్పుడు కల్లం ధరతో పోల్చుకోవాలి. మిగిలితేనే ముందుకు పోదాం. ఆడవాళ్ల శ్రమను లెక్కలో వేయకుండా లాభం వచ్చిందనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ఇంకో మాట. రైతు తన పంటను ఉన్నదున్నట్టు అమ్మడం వేరు. గానుగ నూనె, పచ్చళ్లు, పొడులు చేసి అమ్మితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు ఉండాలి. విత్తనాల విషయంలోనూ జాగ్రత్త. రైతు తాను పండించిన విత్తనాన్ని తోటి రైతుకు అమ్ముకునే హక్కును 2001 చట్టం ఇచ్చింది. కానీ బ్రాండ్ పేరు వేసి అమ్మకూడదు. వాట్సాప్‌లో వచ్చిన ప్రకటన చూసి పత్తి విత్తనాలు కొనడం అంతకన్నా ప్రమాదం. బిల్లు లేని విత్తనం మొలవకపోతే ఏ అధికారినీ అడగలేం.

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు

ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. మన సభ్యుడొకరు బియ్యం అమ్మకానికి పెడితే ఎవరో ఫోన్ చేశారు. మిలిటరీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నామని, అంతా కొంటామని, బేరం కూడా ఆడలేదు. అడ్వాన్సు పంపుతున్నాం, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నారు. కొట్టాడు. రావాల్సిన డబ్బు రాకపోగా ఖాతాలో ఉన్నదీ పోయింది. ఇంట్లో చెప్పుకోలేక మూడు రోజులు ఊరుకున్నాడు.

యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి, రావడానికి కాదు. బేరమాడకుండా మొత్తం కొంటానన్నవాడిని అనుమానించండి. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి దాచొద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

పేజీ మనది, తాళం వాళ్లది

మూడు సాగు చట్టాల మీద ఢిల్లీ సరిహద్దుల్లో పోరాటం జరిగినప్పుడు రైతులు తమ మాట తామే చెప్పుకోవాలని 'కిసాన్ ఏక్తా మోర్చా' పేరుతో ఫేస్‌బుక్ పేజీ పెట్టారు. 2020 డిసెంబర్ 20న ఆ పేజీ ఉన్నట్టుండి మాయమైంది. పెద్దఎత్తున నిరసన రావడంతో కొన్ని గంటల్లో తిరిగి వచ్చింది. అదే నెలలో అక్కడి యువకులు 'ట్రాలీ టైమ్స్' అనే పత్రికను అచ్చువేసి గుడారం గుడారానికీ పంచారు. ఫోన్‌నూ వాడుకున్నారు, కాగితాన్నీ వదల్లేదు.

మనకు పాఠం అదే. వాట్సాప్ అయినా ఫేస్‌బుక్ అయినా కంపెనీలవి. ఏ రోజైనా ఖాతా మూసేయొచ్చు, నియమం మార్చొచ్చు. అందుకని కొన్నవాళ్ల పేరు, నంబర్, ఏం కొన్నారు, ఎంతిచ్చారు అన్నది ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. ఆ నోటుబుక్కే మన ఆస్తి.

చివరగా, ఒక్క అపోహ వద్దు. 'రైతులు ఆన్‌లైన్లో అమ్ముకుంటే సరిపోతుంది కదా' అని పాలకులు చేతులు దులుపుకుంటే మనం ఒప్పుకోం. మద్దతు ధరకు చట్టబద్ధత, సకాలంలో కొనుగోలు కేంద్రం, కోతల్లేని కాంటా కోసం మన పోరాటం ఆగదు. వ్యాపారి ముందు మనం ఒంటరిగా, ఏమీ తెలియకుండా నిలబడే రోజులు పోవాలి. ఫోన్ వల్ల మనకు కావాల్సింది అదే.

ఐదుగురు ఐదుగురు కలిసి ఒక జట్టుగా ఏర్పడండి. ఫోటోలు తీయగలిగిన పిల్లవాడో పిల్లో ఒకరు, లెక్క రాసేవాళ్లు ఒకరు, సరుకు చూసేవాళ్లు ముగ్గురు. వచ్చే నెల సమావేశానికి ప్రతి జట్టూ మూడు తక్‌పట్టీల ఫోటోలు, తన నోటుబుక్కు తీసుకురావాలి. అక్కడి నుంచి మిగతాది మాట్లాడుకుందాం.