కంటికి ఎంత జాగా?



నా పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను చేసేది కట్టడాల లెక్కలు. అందులో చిత్రమైన లెక్క ఒకటుంది. మనిషి ఒకచోట నిలబడితే కంటికి ఎంత ఖాళీ దొరుకుతుందో కంప్యూటరుతో కొలవడం.

కరెంటు పోయిన రాత్రి గుర్తు తెచ్చుకోండి. నడవలో దీపం పెడితే వెలుగు ఎంతమేర పడుతుందో, ఆ చోటి నుంచి చూపూ అంతవరకే పోతుంది. ఆ మేరను ‘ఐసోవిస్ట్’ అంటారు. 1979లో మైకేల్ బెనెడిక్ట్ దీనికి గణితం కట్టాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో అలాస్డేర్ టర్నర్ రాసిన డెప్త్‌మ్యాప్ దీన్ని ఇంటి ప్లాను మీద, ఊరి మ్యాపు మీద గీసి చూపిస్తుంది. ఇప్పుడది ఉచితంగా దొరుకుతుంది. ఇజ్రాయెల్‌లో హైఫా నగరంలోని టెక్నియన్‌కు చెందిన ఫిషర్ గెవిర్ట్జ్‌మన్, వాగ్నర్ అనేవారు 2003లో ఎత్తును కూడా కలిపి కొలిచే పద్ధతి ప్రచురించారు. కంటి నుంచి అన్ని దిక్కులకూ గీతలు వదిలి, ఏది ఏ గోడకు తగిలి ఆగుతుందో చూసి, మధ్యలోని ఖాళీ ఎన్ని ఘనపు మీటర్లో కూడతారు. అంతే విస్తీర్ణం కట్టినా, అమర్చే తీరును బట్టి ఆ ఖాళీ మారిపోతుంది.

మన కదిరి వీధి ఒకటి అనుకుందాం. వెడల్పు 20 అడుగులు, రెండు పక్కలా 10 అడుగుల మిద్దెలు. వీధి నడుమ నేల మీద నుంచి ఆకాశం కొలిస్తే 0.71 వస్తుంది. అంతా బయలైతే 1. మిద్దె మీద మిద్దె వేస్తే 0.45. మూడోది వేస్తే 0.32. నాలుగోదానికి 0.24. చూశారా, మొదటి మిద్దె మీద వేసేవాటిలో ఎక్కువ తినేది రెండో అంతస్తే! అందరూ పై అంతస్తులనే తిట్టుకుంటారు. మున్సిపాలిటీ రూల్సు రోడ్డు వెడల్పు, ఎత్తు, సెట్‌బ్యాకు అడుగుతాయి. ఎదురింటి ముసలమ్మకు కిటికీలోంచి ఏం మిగిలిందో అడగవు. రథోత్సవం నాడు మిద్దెలెక్కి చూసేవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ సాఫ్ట్‌వేరుకు మన ఎండ తెలియదు. చూపు ఎంత పారితే అంత మంచిదని దాని నమ్మకం. ఏప్రిల్‌లో ఇరుకు సందు నీడ ఎంత సుఖమో మనకు తెలుసు. వేపచెట్టును కూడా అది అడ్డుగోడ కిందే జమ కడుతుంది. అందుకే అంకెను పక్కన పెట్టుకుని చూడాలి గానీ, దానికే తీర్పు వదిలేయకూడదు.

ఇక అసలు సంగతి. జూబిలీ గుర్తుగా బడిలో కొత్త గదులు కట్టాలని మన సంఘం అనుకుంటోంది. ఒక ప్లానులో అవి మైదానం నడుమకు వస్తాయి. ఇంకొకదానిలో వెనక ప్రహరీ వెంట పోతాయి. గదులు అన్నే, చదరపు అడుగులూ అంతే. ప్రార్థన జరిగే చోట నిలబడి రెండూ లెక్కగట్టాను. మొదటిదైతే పిల్లల ముందు గోడ లేస్తుంది, వరండాలో ఉన్న మాస్టరుగారికి మైదానం అవతలి సగం కనబడదు. రెండోదానిలో మైదానం మైదానంలాగే ఉంటుంది. ప్రహరీ పక్క మట్టి కాస్త మెత్తన కాబట్టి పునాదికి నాలుగు రూపాయలు ఎక్కువవుతాయి. నా ఓటు రెండోదానికే. ఆ ఎక్కువయ్యే ఖర్చులో నా వంతు నేనిస్తాను.

రెండు బొమ్మలూ కార్యదర్శిగారి బల్ల మీద పెట్టాను. భోజనాలకు లేచేముందు ఒకసారి చూసి, ఏది కావాలో కాగితం మీద రాసి ఇవ్వండి.