పడ్డాక లేచి నడవడం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద యుద్ధాల గురించి, పోస్టింగుల గురించి చెప్పుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను మాట్లాడమంటే, "నా తుంటి గురించి మాట్లాడతానండీ" అన్నాను. ఆయన నవ్వారు. కానీ ఈ హాల్లో సగం మంది అరవై దాటినవాళ్లే. కాబట్టి ఇది మనందరి సంగతే.

ద్రాస్‌లో రెండు శీతాకాలాలు గడిపినవాణ్ణి. సుమారు 10,800 అడుగుల ఎత్తులో, మంచు మీద బరువు మోస్తూ నడిచాం. అక్కడ జారని కాలు డెబ్బై ఒకటో ఏట నోయిడాలో, మా ఇంటి ముందు మూడు మెట్ల మీద జారింది. జనవరి నెల, తెల్లవారుజాము. ఢిల్లీ వైపు పొగమంచు మీకు తెలియనిది కాదు. వాన పడకపోయినా పాలరాతి మెట్లు తడిసిపోతాయి. పాల ప్యాకెట్ల కోసం దిగాను, కుడి తుంటి మీద పడ్డాను. లేవబోతే కాలు మాట వినలేదు. చూస్తే కాస్త పొట్టిగా, పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఈ రెండు గుర్తులూ మనసులో పెట్టుకోండి. పెద్దవాళ్లు పడ్డాక కాలు అలా కనబడితే తుంటి విరిగిందనే అనుకోవాలి. లేపి నిలబెట్టకూడదు, నూనె రాసి మర్దన చెయ్యకూడదు. కదలకుండా ఉంచి, దుప్పటి కప్పి, అంబులెన్సు పిలవాలి.

మా వాళ్లు ఊరి నుంచి ఫోన్లు మొదలెట్టారు. "పుత్తూరు తీసుకెళ్లండి, కట్టు కట్టిస్తే సరిపోతుంది" అని. పుత్తూరు కట్టు మీద నాకూ గౌరవం ఉంది. అయితే డాక్టరు గారు ఎక్స్‌రే చూపించి చెప్పింది ఇది. తొడ ఎముక పైభాగాన బంతిలాంటి తల ఉంటుంది. దాని కింద మెడ విరిగితే, ఆ తలకు రక్తం వెళ్లే దారి తెగిపోవచ్చు. రక్తం అందని ఎముక ఎన్ని కట్లు కట్టినా అతకదు. అందుకని నాకు ఆ తల తీసేసి లోహపు బంతి అమర్చారు. ఆపరేషను ఎంత త్వరగా అయితే అంత మంచిదట. మంచం మీద గడిచే ప్రతి రోజూ ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, వీపున పుండ్లు పొంచి ఉంటాయి. పెద్ద వయసులో ప్రాణం తీసేది విరిగిన ఎముక కంటే ఎక్కువగా ఇవే.

ఇంకో మాట. మన ఇ.సి.హెచ్.ఎస్. పథకం 2003 ఏప్రిల్‌లో మొదలైంది. కార్డు ఉంది కదా అని బీరువాలో దాచకండి. ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి. అత్యవసరంలో జాబితాలో లేని ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే, 48 గంటల్లోపు పాలిక్లినిక్‌కు తెలియజేయాలి. ఆ ఫోన్ నంబరు తలుపు వెనక రాసి పెట్టండి.

ఆపరేషను అయిన మర్నాడే వాకరు ఇచ్చి నిలబెట్టారు. ఇంటికొచ్చాక అసలు ట్రైనింగు మొదలైంది. కింద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోకూడదు, కాలు మీద కాలు వెయ్యకూడదు. అంటే పీట మీద భోజనం లేదు, పూజలో కూడా కుర్చీయే. కమోడ్ ఎత్తు పెంచే సీటు కొన్నాం. గంటకోసారి మడమలు పైకీ కిందికీ ఆడించడం, మూడు బంతుల పరికరంలో ఊపిరి పీల్చడం. మెట్లకి ఒక సూత్రం నేర్పారు: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషను కాలు ముందు. రిక్రూటుకి లెఫ్ట్ రైట్ నేర్పినట్టే నేర్చుకున్నాను. మధ్యాహ్నం డాబా మీద ఎండలో కూర్చునేవాణ్ణి. గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టనివ్వలేదు. తలుపులు మూసిన గదిలో దాని విషవాయువు ఏం చేస్తుందో బుఖారీ దగ్గర బతికిన మనకు తెలుసు.

నొప్పి సంగతి సరే, అది మందుకి తగ్గింది. మందుకి తగ్గనిది ఇంకొకటి ఉంది. ముప్పై మందికి హుకుం ఇచ్చినవాణ్ణి, రాత్రి రెండు గంటలకి మూత్రానికి మా ఆవిడని లేపాలి. ఆమెకీ మోకాళ్ల నొప్పులే. మొదటి వారం నీళ్లు తాగడం తగ్గించేశాను, ఆమెను లేపాల్సి వస్తుందని. ఆవిడ కనిపెట్టింది. గ్లాసు చేతికిచ్చి, "ఏవండీ, మీరు బోర్డర్లో ఉన్నప్పుడు ఇద్దరు పిల్లల్ని, మీ అమ్మగారిని నేనొక్కదాన్నే చూసుకున్నాను. అప్పుడు నన్నెవరూ అడగలేదు, కష్టంగా ఉందా అని. ఇప్పుడు మీరు అడక్కుండా తాగండి" అంది. నా దగ్గర జవాబు లేదు. తాగాను.

మా అబ్బాయి ఫ్లాటు అమ్మేసి హైదరాబాదు వచ్చెయ్యమన్నాడు. వాడి భయం న్యాయమైనదే. ఆరు వారాలు ఆలోచించి మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. కర్రతో ఒంటరిగా మెట్లు దిగి, పాల బూతు దాకా వెళ్లి రాగలిగితే ఇక్కడే ఉంటాం, లేకపోతే వెళ్లిపోతాం. ఏప్రిల్‌లో వెళ్లి వచ్చాను. మెట్లకి ఇప్పుడు ఇనుప కడ్డీ ఉంది. వచ్చే ఏడు మళ్లీ ఆలోచిస్తాం.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లూ, మీకొక విన్నపం. సెలవు మీద ఊరెళ్లినప్పుడు మిఠాయిలతో పాటు ఒక డ్రిల్లింగు మిషను కూడా పట్టుకెళ్లండి. అమ్మానాన్నల బాత్‌రూములో గోడకి పట్టుకునే కడ్డీ బిగించి రండి. మంచం నుంచి బాత్‌రూము దాకా రాత్రి వెలిగే చిన్న లైటు పెట్టండి.

సంఘానికి రెండు ప్రతిపాదనలు. మొదటిది, నా వాకరు, కమోడ్ సీటు ఈ రోజే ఆఫీసులో ఇచ్చేశాను. మీ ఇళ్లలో అటక మీద ఉన్నవి కూడా తెచ్చిపెడితే, అవసరమైన ఇంటికి ఆ సాయంత్రమే వెళతాయి. రెండోది, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఒంటరిగా ఉండే పెద్దలకి రోజూ ఉదయం ఒక ఫోను. గార్డు డ్యూటీలాగే రోస్టరు వేసుకుందాం. ఎత్తకపోతే దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లి తలుపు తట్టాలి. మొదటి వారం పేరు నాది రాసుకోండి.

 జై హింద్.